లేని వైరు మీద మెమో

చుక్కలమ్మ అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. దాన్ని రాసే గుమాస్తాకి తప్ప ఆఫీసులో ఇంకెవరికీ ఆ పేరు గుర్తుండేది కాదు. ఊరి మంచినీళ్ళ పరీక్షశాలలో ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని ఒకటే. గాజు గొట్టం కింద నీళ్ళ ఫ్లాస్కు పెట్టి, పైనుంచి మందు చుక్క చుక్కగా వదులుతూ, ఎన్నో చుక్కకి రంగు మారిందో చూసి రాయడం. పదిహేడో చుక్కకి మారితే పదిహేడని రాసేది. ఒకసారి తనిఖీకొచ్చిన ఒక పెద్దమనిషి, ఒకటి తగ్గించి రాస్తే లెక్క అందంగా ఉంటుంది కదమ్మా అన్నాడు. "రంగు మారకముందే ఆపేస్తే నీళ్ళు ఒప్పుకోవాలి కదండీ" అంది ఆవిడ. చుక్కలమ్మ అన్న పేరు ఆ రోజు పుట్టింది.

పరీక్షశాల అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పంపుల గది పైన రెండు గదులు. కింద మోటార్లు తిరిగినంతసేపూ పైన బల్లలు సన్నగా వణుకుతుండేవి. తూము పక్కన గోడకి గోధుమరంగు మరక, కిటికీ అవతల వడపోత తొట్లు, మూలన ఒక ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపు మీద "తినే వస్తువులు పెట్టరాదు" అని ఎర్రక్షరాల్లో రాసి ఉండేది. లోపల సూపరింటెండెంటుగారి భోజనం డబ్బా ఉండేది.

ఆ సూపరింటెండెంటుగారు ఫైళ్ళు నడపడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఏ కాగితమైనా ఆయన బల్ల మీదికి ఒక పేజీగా వచ్చి నలభై పేజీలుగా వెళ్ళేది. కంప్యూటర్ని మాత్రం జన్మలో ముట్టుకున్నవాడు కాదు. దాని గురించి నిర్ణయాలన్నీ ఆయనే తీసుకునేవాడు.

కంప్యూటరు వచ్చాక చుక్కల లెక్క కొంత తగ్గింది. నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చెప్పే చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఆ పెట్టె అంకె చెబుతుంది, కంప్యూటర్లోని ప్రోగ్రాం దాన్ని అందుకుంటుంది, చుక్కలమ్మ సెండ్ నొక్కితే అది ఇంటర్నెట్ మీద కేంద్ర కార్యాలయానికి చేరుతుంది. అంకె బాగా లేకపోతే అక్కడివాళ్ళు ఆ జోను వాల్వు కట్టేయిస్తారు. ఫోన్లో చెబితే కట్టరు. ఒకప్పుడెవరో ఫోన్లో తప్పుగా విని ఒక జోనుకి బదులు ఇంకో జోను కట్టేసి, రెండు జోన్లవాళ్ళ చేతా తిట్లు తిన్నారట. అప్పటినుంచి ప్రోగ్రాంలో వచ్చిన అంకెకే విలువ.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆ పాత కంప్యూటరు టప్‌మని ఒక చప్పుడు చేసి ఊరుకుంది. కొత్త లాప్‌టాప్ వచ్చింది. తీరా చూస్తే ఆ ప్రోగ్రాం కొత్తదాంట్లో నడవనని మొండికేసింది. దాన్ని రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అప్పుడు కేంద్ర కార్యాలయం నుంచి సిస్టమ్స్ ఆయన వచ్చాడు. ఆయన మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళకి ఏమీ అర్థం కాకపోతే పని సగం అయినట్టే లెక్క. గంటన్నర కూర్చుని లాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటరు పెట్టాడు. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఆ కిటికీలో పాత కంప్యూటరు పాత పచ్చరంగు తెరతో సహా మళ్ళీ బతికి కూర్చుంటుంది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారన్నాడు. అర్థమయ్యేలా చెప్పమంటే, కాపురమున్న ఇంట్లోనే ఇంకో కాపురం అన్నాడు. ఆ తర్వాత ఒక కాగితం ఇచ్చి, ఇందులో ఉన్నట్టు చేసుకోండి మేడమ్ అని బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

కాగితంలో ఆరు మెట్లున్నాయి. మొదటి మూడూ సాఫీగా జరిగాయి. నాలుగోది, "లోపలి కంప్యూటరులో కుడివైపు కింద మూలన ఉన్న వైర్‌లెస్ గుర్తు మీద నొక్కి అనుసంధానం కావలెను. అనుసంధానం కానిదే ఎట్టి పరిస్థితుల్లోనూ సెండ్ నొక్కరాదు."

లోపలి కంప్యూటరులో వైర్‌లెస్ గుర్తు లేదు. విసనకర్రలా విచ్చుకునే ఆ నాలుగు గీతల బొమ్మ, బయటి లాప్‌టాప్‌లో నిండుగా నాలుగు గీతలతో వెలుగుతోంది. లోపల ఆ చోట రెండు చిన్న తెరల బొమ్మ, వాటికో వైరు బొమ్మ. చుక్కలమ్మ బల్ల కిందికి వంగి చూసింది. వైరు ఎక్కడా లేదు. సూపరింటెండెంటుగారిని పిలిస్తే ఆయనా వచ్చి, వంగలేక, వంగమని ఆవిడకే చెప్పి, మళ్ళీ లేదని నిర్ధారించాడు. వైరు లేనిచోట వైరు గుర్తు ఉండటం తప్పుడు సమాచారం కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని అక్కడికక్కడే ఉత్తర్వు రాయించాడు. లోపలి కంప్యూటరుకి వైర్‌లెస్ సౌకర్యం కల్పించాలని ఫైలు తెరిచాడు.

ఫైలు నడుస్తుండగా నీళ్ళ అంకెలు కూడా నడిచి వెళ్ళాల్సి వచ్చింది. చుక్కలమ్మ పొద్దున్నే పరీక్షలు చేసి, అంకెలు కాగితం మీద రాసి, మధ్యాహ్నం రెండు బస్సులు మారి కేంద్ర కార్యాలయానికి తీసుకెళ్ళేది. అక్కడి టైపిస్టు మర్నాడు పొద్దున వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేది. అంటే సోమవారం ఊరు ఏం తాగిందో మంగళవారం ఆఫీసుకి తెలిసేది. ఈ సంగతి చుక్కలమ్మ సూపరింటెండెంటుగారి చెవిన వేసింది. ఆయన, "ఏం పుట్టి మునిగిందమ్మా, ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా నీళ్ళు పాడయ్యాయా" అన్నాడు. నాలుగుసార్లు పాడయ్యాయని ఆవిడ తారీకులతో సహా చెప్పింది. ఆయన ఫైల్లోకి తల దించుకున్నాడు.

సిస్టమ్స్ ఆయన ఫోన్లో కొత్త మార్గం చెప్పాడు. లోపలి కంప్యూటర్ని బ్రిడ్జి పద్ధతిలో పెడితే అది నేరుగా వైర్‌లెస్ మీదికి వస్తుందట. సూపరింటెండెంటుగారు "బ్రిడ్జి నిర్మాణమునకు అనుమతి కోరుట" అని ఫైలు మీద రాశాడు. వంతెనల సంగతి తమది కాదు కాబట్టి ఫైలు నిర్మాణ విభాగానికి వెళ్ళింది. తొమ్మిది రోజుల తర్వాత అది ప్రశ్నలతో తిరిగొచ్చింది. ప్రతిపాదిత వంతెన పొడవెంత, వెడల్పెంత, ఏ కాలువ మీద? సూపరింటెండెంటుగారికి ఆ ప్రశ్నల్లో తప్పేమీ కనిపించలేదు. పొడవు దగ్గర "ఒక లాప్‌టాప్" అని జవాబు రాయించాడు.

అనుమతి వచ్చాక సిస్టమ్స్ ఆయన మళ్ళీ వచ్చి బ్రిడ్జి కట్టాడు. కట్టగానే లోపలి కంప్యూటర్లో రెండు తెరల బొమ్మ మీద ఒక చిన్న ఎర్ర గుణకారం గుర్తు పడింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు, కేబుల్ లేని కంప్యూటరు పక్కన కేబుల్ వెతికాడు, ఏవో నాలుగు మార్చాడు. కొన్ని వైర్‌లెస్‌లు బ్రిడ్జిని ఒప్పుకోవు మేడమ్ అని నీళ్ళు నమిలి, అంతా మొదట ఉన్నట్టే పెట్టేసి వెళ్ళిపోయాడు. మొదట ఉన్నట్టు పెట్టగానే ఆ ఎర్ర గుర్తు పోయింది. రంగు మారడం చూసి బతికిన మనిషి చుక్కలమ్మ. అది ఆవిడ కంట పడింది. ఇంకెవరూ గమనించలేదు.

ఇంట్లో ఆవిడా అత్తగారూ ఇద్దరే ఉండేవాళ్ళు. భర్తకి నెలలో ఇరవై రోజులు లారీ మీదే కాపురం. అత్తగారికి ఎనభై దాటాయి, వినికిడి కొంచెం తగ్గింది, నోరు తగ్గలేదు. ఆవిడ తన పెళ్ళికి ముందు నుంచీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. ముప్పై రెండేళ్ళు తలకి చెవిగొట్టాలు తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో ఈ చిల్లులోంచి తీగ పీకి ఆ చిల్లులో గుచ్చి, ఊరందరి మాటలూ కలిపింది. ఆ బోర్డు ఎప్పుడో పాతసామానుకి వెళ్ళిపోయినా ఇప్పటికీ ఎవరి ఇంటి ఫోన్ మోగినా ఆవిడ చెయ్యి ముందుకి లేస్తుంది.

ఆ సాయంత్రం కోడలు కూరగాయలు తరుగుతూ సంగతంతా చెప్పుకొచ్చింది. లాప్‌టాప్ సంగతి, లోపలి కాపురం సంగతి, ఎర్ర గుర్తు వచ్చి పోయిన సంగతి. ముసలావిడ రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుని నవ్వింది.

"మా రోజుల్లో మిల్లు ఆఫీసుకి ఒకటే లైను ఉండేదమ్మాయ్. గుమ్మం దగ్గర ఒక పిల్ల బోర్డు పెట్టుకుని కూర్చునేది. లోపల పాతిక గదుల్లో పాతిక ఫోన్లు. లోపల కూర్చున్న మేనేజరుకి లైను స్తంభం మీంచి వస్తుందా, భూమిలోంచి వస్తుందా, ఆయనకెందుకు? ఆయన ఫోనుకి ఉన్నది గోడలో తీగే. బయటి లైను పట్టుకునేది గుమ్మం దగ్గరి పిల్ల."

"అయితే లోపలిదానికి వైర్‌లెస్ గుర్తు ఎప్పటికీ రాదా అత్తయ్యా?"

"బయటిది పట్టుకుని లోపలికి తీగలా అందిస్తుంటే దానికెలా వస్తుంది? లైను ఉందో లేదో తెలుసుకోవాలంటే గోడలు తడిమితే లాభం లేదు. ఫోన్ ఎత్తి హలో అనాలి."

మర్నాడు సూపరింటెండెంటుగారు ఇంకా రాకముందే చుక్కలమ్మ హలో అంది. అంటే లోపలి కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి కేంద్ర కార్యాలయం పేజీ అడిగింది. అది సుబ్బరంగా వచ్చి నిలబడింది. నాలుగు వారాలుగా ఆవిడ రెండేసి బస్సులు మారుతున్నది దీనికోసం. ఇది మొదటిరోజు నుంచీ ఇక్కడే ఉంది.

సూపరింటెండెంటుగారు రాగానే చూపించింది. ఆయన పేజీ చూడలేదు, మూలన గుర్తు చూశాడు.

"వైర్‌లెస్ ఏదమ్మా?"

"బయటిది పట్టుకుంటోందండీ. లోపలికి వైరులా ఇస్తోంది. ఇంటర్నెట్టు వచ్చేసింది."

"వచ్చింది సరే. ఏ దారిన వచ్చింది? మనం మంజూరు అడిగింది వైర్‌లెస్. వచ్చింది వైరు. మంజూరు కానిది వాడితే ఆడిట్‌లో నేను ఏం చెప్పను?"

ఎట్టి పరిస్థితుల్లోనూ సెండ్ నొక్కరాదని కాగితంలోని వాక్యం కింద ఎర్రగీత గీయించి, లాప్‌టాప్ మూతకి అంటించాడు. చుక్కలమ్మ ఆ మధ్యాహ్నం కూడా బస్సెక్కింది. నిలబడే వెళ్ళింది, సీటు దొరకలేదు. ఇంటికొచ్చాక అత్తగారు ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

ఆ మరుసటి వారం ఒక పొద్దున, ఏడో జోను నమూనా ఫ్లాస్కులో పోయగానే చుక్కలమ్మకి మనసు కీడు శంకించింది. నీళ్ళు తేటగా లేవు. పెట్టెలో పెడితే క్లోరిన్ సున్నా అని వచ్చింది. పెట్టె మీద నమ్మకం లేక పాత పద్ధతిలో గాజు గొట్టంతో చేసింది. మొదటి చుక్కకే తేలిపోయింది. నమూనా సీసా మూత తీసి వాసన చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఆ వాసన ఇంతకుముందు ఒక్కసారే తగిలింది, అప్పుడు మురుగు పైపు పగిలింది. ఏడో జోనులో ఒక పెద్ద బడి ఉంది, ఒక కాన్పుల ఆసుపత్రి ఉంది. టైము తొమ్మిదిన్నర.

సూపరింటెండెంటుగారికి ఫోన్ చేసింది. ఆయన కేంద్ర కార్యాలయంలో లోపలి కంప్యూటర్ల వైర్‌లెస్ సమస్యపై జరుగుతున్న సమీక్షలో ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు. వాల్వుల విభాగానికి చేస్తే, ప్రోగ్రాంలో అంకె రావాలి మేడమ్, ఫోన్ మీద కట్టలేం, మా ఉద్యోగాలు పోతాయి అన్నారు. వాళ్ళ తప్పు కూడా లేదు.

చుక్కలమ్మ లాప్‌టాప్ మూత తెరిచింది. మూత తెరిస్తే అంటించిన కాగితం వెనక్కి పోయి కనబడదు. ఆ మేలు ఆ కాగితం చేసింది. ఆవిడకి రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. సున్నా అంకె ఎక్కించి, ఏడో జోను అని రెండుసార్లు చదువుకుని, సెండ్ నొక్కింది. లోపలి కంప్యూటరు లేని వైరు మీదుగా దాన్ని రెండు సెకన్లలో పంపేసింది.

నలభై నిమిషాల్లో ఏడో జోను వాల్వు కట్టేశారు. బడికి ఫోన్లు వెళ్ళాయి, ఆసుపత్రికి ట్యాంకరు వెళ్ళింది. మధ్యాహ్నానికి తవ్వి చూస్తే, రోడ్డు పనివాళ్ళ గునపం తగిలి మురుగు గొట్టమూ మంచినీళ్ళ గొట్టమూ రెండూ పక్కపక్కనే పగిలి కలిసిపోయి ఉన్నాయి. ఆ జోనులో ఇద్దరు ముగ్గురికి కడుపునొప్పి వచ్చింది, తగ్గిపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. అంకె బస్సులో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరూ లెక్క వేయలేదు. చుక్కలమ్మ ఒక్కతే వేసుకుంది.

మూడో రోజు కేంద్ర కార్యాలయం నుంచి సూపరింటెండెంటుగారికి ఒక ఉత్తరం వచ్చింది, ఆయన అప్రమత్తతకి అభినందనలు తెలుపుతూ. ఆయన దాన్ని గాజు పలక కింద పెట్టుకున్నాడు. అదే మధ్యాహ్నం చుక్కలమ్మకి మెమో ఇచ్చాడు. వైరు లేని చోట, ఉత్తర్వులకు విరుద్ధంగా, వైరు ద్వారా సమాచారం పంపినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలియజేయవలెను. అభినందనకీ మెమోకీ సూచిక నంబరు ఒకటే. రెండూ ఒకే సెండ్‌కి సంబంధించినవి మరి.

ఆవిడ ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళింది. మొదట బాగా భయపడింది. పింఛను ఆగిపోతుందేమో అంది. అత్తగారు భూతద్దం పెట్టుకుని మెమో రెండుసార్లు చదివి, "ఇందులో వైరు లేదని వాళ్ళే రాసుకున్నారు చూడు" అంది. కోడలు మళ్ళీ చదివింది. భయం తగ్గింది. కోపం వచ్చింది. అది ఆవిడకి అరుదుగా వచ్చేది కాబట్టి జాగ్రత్తగా వాడింది. జవాబు నాలుగు వాక్యాలు.

"మెమో అందినది. అచట వైరు లేదని తమరే నిర్ధారించి ఉత్తర్వు ఇచ్చియున్నారు. లేని వైరును నేను వాడితినని తమరు భావించినచో, అది ఎక్కడున్నదో చూపించిన యెడల తప్పు ఒప్పుకొందును. వైరు ఉన్నదని తేలినచో, ఐదు వారములు నేను బస్సులో ఎందుకు తిరిగితినో తమరు తెలియజేయగలరు."

ఈ జవాబు మీద సూపరింటెండెంటుగారు ఇరవై రోజులు ఆలోచించాడు. ఎటు రాసినా తన మీదికే వస్తోంది. చివరికి సిస్టమ్స్ ఆయన్ని పిలిపించి రాతపూర్వకంగా అడిగాడు. ఆయన, వర్చువల్ మెషీన్ లోపల ఎప్పుడూ వైరు గుర్తే కనిపిస్తుందనీ, బయటి లాప్‌టాప్ పట్టిన వైర్‌లెస్సే లోపలికి ఆ రూపంలో వెళుతుందనీ, ఈ సంగతి తనకి మొదటిరోజే తెలుసనీ రాశాడు. మరి నాలుగో మెట్టులో వైర్‌లెస్ గుర్తు నొక్కమని ఎందుకు రాశావని అడిగితే, ఆ కాగితం వేరే ఆఫీసుకి రాసిందన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు.

మెమో మూసేశారు. "ఇకపై జాగ్రత్తగా ఉండవలెను" అని చివర ఒక వాక్యం కలిపి మూసేశారు.

అంతటితో ఆగితే అది ఆఫీసు ఎందుకవుతుంది. ఈలోగా మొదటి ఫైలు మీద వైర్‌లెస్ మంజూరైంది, మంజూరైనది రావాలి కదా. వైర్‌లెస్ పట్టుకునే వేలెడంత డాంగిల్ ఒకటి వచ్చింది. దాన్ని లాప్‌టాప్‌కి గుచ్చి, బయటిదానికి కాకుండా లోపలిదానికే అప్పగించాడు సిస్టమ్స్ ఆయన. ఇక వైరు అక్కర్లేదంటూ లోపలి వైరు గుర్తుని ఆపేశాడు. లోపలి కంప్యూటర్లో నాలుగు గీతల విసనకర్ర విచ్చుకుంది. సూపరింటెండెంటుగారు దాన్ని వేలితో తాకబోయి, తాకొచ్చా అని అడిగి, తాకకుండానే తృప్తిపడ్డాడు. ఫొటో తీయించారు. ఫొటోలో తెర మీద వెలుగు పడి గుర్తు కనిపించలేదు. మళ్ళీ తీశారు.

కింద మోటార్లు నడిచినప్పుడల్లా ఆ డాంగిల్ వదులై గీతలు రెండుకి పడిపోయేవి, ఒక్కోసారి పూర్తిగా ఆరిపోయేవి. మోటార్లు నడిచేది పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా. అంకెలు పంపాల్సిందీ అప్పుడే. చుక్కలమ్మ రెండు రోజులు చూసింది. మూడోరోజు నుంచి ఆపేసిన వైరు గుర్తుని తనే మళ్ళీ పని చేయించి, అంకెలు పంపి, మళ్ళీ ఆపేసేది. అది ఎలా చేయాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఐదు వారాలు ఆ మూలనే చూస్తూ కూర్చున్న మనిషికి వేరే నేర్పక్కర్లేదు.

రెండేళ్ళ తర్వాత ఆవిడ రిటైరైంది. వీడ్కోలు సభలో సూపరింటెండెంటుగారు చాలాసేపు మాట్లాడాడు. ఈ పరీక్షశాలకి వైర్‌లెస్ తెచ్చిన ఘనత ఈ తల్లిదే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చుక్కలమ్మ లేచి, ఏడో జోను గొట్టం మీద వేసిన అతుకు పాతబడుతోంది, వారానికోసారి కాకుండా రోజూ నమూనా తీయండి, అంతే నేను చెప్పేది అని కూర్చుంది. కొత్తగా వచ్చిన పరీక్షకురాలు ఒక్కతే ఆ మాట రాసుకుంది.

ఇంటికొచ్చాక అత్తగారు సభలో ఏమన్నారని అడిగింది. చుక్కలమ్మ చెప్పులు విప్పుతూ, మంచినీళ్ళు తాగి, ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలావిడ సరిగ్గా వినబడక మళ్ళీ అడిగింది. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి నవ్వాపుకోలేక.